బెంగల రికార్డు

మా మెడికల్ కాలేజీలో ఏదైనా జరిగినట్టు ఒప్పుకోవాలంటే దానికి రికార్డు ఉండాలి. కప్ప గుండె కొట్టుకుందా లేదా అన్నది కప్పని చూసి తేల్చుకునే విషయం కాదు. ఎడమవైపు తెల్లకాగితం మీద పెన్సిలుతో బొమ్మ వెయ్యాలి. కుడివైపు గీతల కాగితం మీద లక్ష్యం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం వరసగా రాయాలి. అడుగున మా సంతకం ఉండాలి. సంతకం ఉంటే గుండె కొట్టుకున్నట్టు, లేకపోతే హాల్ టికెట్ లేనట్టు. నేను బయోకెమిస్ట్రీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ని. పదిహేడేళ్ళుగా ఇలాంటి సంతకాలు పెడుతున్నాను. చదువుకునే రోజుల్లో పదకొండు కప్ప ప్రయోగాలు మా సీనియర్ రికార్డులోంచి దింపేసిన మనిషిని. కప్పని మాత్రం వానాకాలంలో హాస్టల్ బాత్రూములో తప్ప ఎక్కడా చూడలేదు.

కరోనా వచ్చింది. హాస్టళ్ళు ఖాళీ చేయించారు. నూట యాభై మంది సెకండియర్ పిల్లలు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయి ఫోన్లలో పాఠాలు వింటున్నారు. అప్పుడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి విద్యార్థికీ ఒక అధ్యాపకుణ్ణి మెంటర్‌గా ఇవ్వండి, వారానికోసారి ఫోన్‌లో మాట్లాడించండి, పిల్లలు దిగులు పడకుండా చూడండి అని. ఆ ఉత్తర్వు రాసినవాళ్ళు మంచివాళ్ళే అయివుండాలి. పిల్లకో పెద్దదిక్కు ఉండాలన్నారు, అంతే. దాన్ని అమలుచేసే పని మా చేతుల్లో పెట్టడమే వాళ్ళు చేసిన పొరపాటు.

వెంటనే కమిటీ ఏర్పడింది. ప్రిన్సిపాల్ గారు అధ్యక్షులు. పోస్ట్‌మార్టాలు చేసే ఫోరెన్సిక్ మెడిసిన్ ప్రొఫెసర్ పరాంకుశరావు గారు కన్వీనరు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో తన దగ్గరికొచ్చిన వాళ్ళలో ఎవరూ తమ బాధ చెప్పుకోకపోయినా, అందరికీ కారణం రాసిచ్చిన మనిషి ఆయన. కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్ గారు లెక్కలు చూస్తారు. కంప్యూటరు వచ్చని నన్ను తీసుకున్నారు. ఉత్తర్వు నాలుగో పేరాలో నర్సింగ్ విభాగం నుంచి ఒకరుండాలని ఉంది కాబట్టి నర్సింగ్ సూపరింటెండెంట్ సలోమి గారి పేరు చివర చేర్చారు. ఆవిడ కోవిడ్ వార్డులోంచే మీటింగుకి వచ్చేవారు. వార్డు చప్పుడు వినబడకుండా కన్వీనరు గారు ఆవిడ మైకు మొదటిరోజే నొక్కేశారు. తెర మీద ఆవిడ గడిలో చాలాసార్లు సీలింగ్ ఫ్యానే కనబడేది.

మొదటి సమావేశంలోనే కన్వీనరు గారు విషయం తేల్చేశారు.

"విద్యార్థి తనకు బెంగ ఉన్నదని నోటిమాటగా చెప్పినంత మాత్రాన దానిని పరిగణనలోనికి తీసుకొనజాలము. ప్రామాణికత కావలెను. రేపు ఇన్‌స్పెక్షన్ వారు వచ్చి బెంగ చూపించమంటే ఏమి చూపించెదము?"

మర్నాటికి సర్క్యులర్ వచ్చేసింది.

"పై సూచికననుసరించి విద్యార్థులకు తెలియజేయునదేమనగా, ప్రతి విద్యార్థియు కనీసము పది బెంగలను నిర్ణీత నమూనాలో రికార్డు చేసి, మెంటరు సంతకము పొందవలెను. ప్రతి బెంగకును ఫలితము తప్పనిసరి. ఎడమ పేజీలో బొమ్మ వేసి భాగములు గుర్తించవలెను. విద్యాసంబంధమైన సందేహములు బెంగలుగా పరిగణింపబడవు. రికార్డు సమర్పించని వారికి హాల్ టికెట్ జారీచేయబడదు."

కింద ఒక నమూనా బెంగ కూడా జతచేశారు. లక్ష్యం: పరీక్షా భయమును కనుగొనుట. పరికరములు: మొబైల్ ఫోను, కుర్చీ, మెంటరు. విధానం: విద్యార్థిని కుర్చీయందు కూర్చుండబెట్టి ప్రశ్నించవలెను. పరిశీలన: గొంతు వణికినది. ఫలితం: ధైర్యము చెప్పబడినది. బొమ్మలో ఒక తలకాయ, దాన్లోంచి మూడు బాణాలు ఉన్నాయి.

నా వాటాకి పదిమంది వచ్చారు. తొమ్మిదిమంది మూడు రోజుల్లో రికార్డులు స్కాన్ చేసి పంపించేశారు. పదో పిల్ల సంగాని నాగదుర్గ. సముద్రం ఒడ్డున కొత్తపాకలని ఒక పల్లె, వాళ్ళ నాన్న వేటకి వెళ్తాడు. ఆ పల్లెలో డాక్టరీకి వచ్చిన మొదటి పిల్ల. రికార్డు ఏదని ఫోన్ చేశాను.

"నాకేం బెంగల్లేవండి మేడం గారండి. తింటన్నానండి, నిద్దరోతన్నానండి."

"కాస్త ఆలోచించి చూడమ్మా. పది కావాలి."

"ఆలోచించానండి. ఊళ్ళో జొరాలండి. డాక్టరమ్మ వచ్చిందని అందరూ మా ఇంటికే వత్తన్నారండి. ఆశా వర్కరు గారితో కలిసి నేనూ ఇల్లిల్లూ తిరుగుతన్నానండి. దిగులడ్డానికి తీరిక లేదండి. మిమ్మల్ని ఒకటి అడగాలండి. మనిషి ఊపిరి లెక్కెట్టేటప్పుడు..."

"అది బెంగా, సందేహమా?"

ఆ పిల్ల కాస్త ఆలోచించింది. "సందేహమేనండి."

"సందేహాలు మెంటరింగ్ కిందికి రావమ్మా. అదీగాక అది నీకు వచ్చే ఏడాది పాఠం" అన్నాను. సర్క్యులర్ అలాగే ఉంది మరి. నేను చదివిందే చెప్పాను.

ఇక రికార్డులన్నీ వచ్చాక కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్ గారు లెక్కలు తీసి అత్యవసర సమావేశం పెట్టించారు. ఆయన గొంతులో కంగారు, కొంచెం సంతోషం కూడా ఉన్నాయి.

"సార్, ఇది గణాంకాలపరంగా అపూర్వం. నూట యాభై మందిలో నూట నలభై తొమ్మిది మందికి మూడో బెంగ ఒకటే. అన్నయ్య గదిలో గిటారు వాయిస్తుండటం వల్ల మేడమెట్ల మీద కూర్చుని క్లాసులు వినాల్సి వస్తోంది. తొడలు తిమ్మిరెక్కుతున్నాయి. తద్వారా భవిష్యత్తు మీద బెంగ."

నాకు సంగతి తెలుసు. పేరిచర్ల హర్షవర్ధన్ అని క్లాసు ఫస్టు కుర్రాడున్నాడు. మొదట వాడొక్కడే రాశాడు. వాడికి నిజంగానే అన్నయ్య, గిటారు, మేడమెట్లు ఉన్నాయి. వాడి రికార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మిగతావాళ్ళు కొట్టివేతలతో సహా దింపేశారు. అందులో ముప్పై ఆరుగురు ఇంటికి ఒక్కరే బిడ్డలు. ఇది చెప్పాలని నోరు తెరిచాను. కానీ చెబితే, సంతకాలు పెట్టిన తొంభై బెంగల్లో నేను ఒక్కటీ చదవలేదని కూడా చెప్పాల్సి వస్తుంది. మూసేశాను. మిగిలిన మెంటర్లు కూడా నాలాగే మూసుకుని ఉంటారు.

"అనగా మన విద్యార్థుల మానసిక క్షోభకు మూలకారణము దొరికినది" అన్నారు పరాంకుశరావు గారు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకి బతికున్నవాళ్ళలో ఒక కారణం కనిపెట్టారు.

వారం తిరగకుండా గిటారు పీడిత విద్యార్థుల సహాయ విభాగం ఏర్పడింది. సదరు అన్నయ్యలు క్లాసుల సమయంలో గిటారు ముట్టబోమని తల్లిదండ్రుల సమక్షంలో హామీపత్రం ఇవ్వాలి. గిటారుని ముందునుంచి, వెనకనుంచి ఫోటో తీసి పంపాలి. అన్నయ్య లేనట్టయితే, లేడని తహసీల్దారు గారి నుంచి ధ్రువపత్రం తేవాలి. పిల్లలు ఇరుక్కుపోయారు. లేడంటే రికార్డు అబద్ధమవుతుంది, హాల్ టికెట్ పోతుంది. అందుకని నూట నలభై తొమ్మిది మందికీ అన్నయ్యలు పుట్టుకొచ్చారు.

ఆ ఆదివారం అన్నయ్యల ఆన్‌లైన్ అవగాహనా సదస్సు జరిగింది. తెర నిండా అన్నయ్యలే. పెదనాన్న కొడుకులు, ఎదురింటి బ్యాంకు ఉద్యోగులు, ఒక పిల్లకి ట్యూషన్ చెప్పిన మాస్టారు. ఒక గడిలో తెల్లమీసాల పెద్దాయన కూర్చున్నారు.

"మీరు ఎవరికి అన్నగారు?" అనడిగారు కన్వీనరు గారు.

"నేనాండీ? మా మనవరాలికండి" అన్నాడాయన. పక్కనుంచి ఎవరో గట్టిగా గిల్లినట్టున్నారు. "అదేనండి, చెల్లాయికండి. నేను కాస్త ముందు పుట్టానండి."

"గిటారు ఎంతకాలముగా వాయించుచున్నారు?"

"మానేశానండి. వేళ్ళు వంగట్లేదండి."

"శుభం. మీ పరివర్తనను కమిటీ అభినందించుచున్నది."

అదే నెలలో గిటారుకీ వైద్యవిద్యార్థుల దిగులుకీ గల సంబంధం మీద కన్వీనరు గారు ఒక జాతీయ వెబినార్‌లో పత్రం సమర్పించారు. మరో రెండు కాలేజీలు తమ దగ్గర వీణ సమస్య ఉన్నట్టు కనుక్కున్నాయి. మా ప్రిన్సిపాల్ గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

అంతా బాగానే ఉంది, ఒక్క నాగదుర్గ తప్ప. నూటికి నూరు శాతం కావలసిన చోట తొంభై తొమ్మిది పాయింట్ మూడు దగ్గర లెక్క ఆగిపోయింది. పైగా ఆ పిల్ల రికార్డు మొత్తం ఖాళీ. బెంగలేమి ఒక తీవ్రమైన లక్షణమనీ, సదరు విద్యార్థిని వాస్తవాన్ని నిరాకరిస్తోందనీ కన్వీనరు గారు నోట్ రాశారు. హాల్ టికెట్ ఆపేశారు. ఈ పరీక్ష పోతే ఆర్నెల్లు వెనకబడి వేరే బ్యాచ్‌లో కూర్చోవాలి.

నాకు జాలేసింది. మెంటర్‌గా నా మీదకి వస్తుందన్న భయం కూడా ఉంది, దాచడం ఎందుకు. ఫోన్ చేశాను.

"దుర్గా, హర్షవర్ధన్ రికార్డు పంపిస్తాను. మాట్లాడకుండా దింపెయ్. సంతకం పెట్టేస్తాను."

"మాకు అన్నయ్య లేడండి. ఇద్దరు చెల్లెళ్ళండి. మేడమెట్లూ లేవండి, మాది తాటాకిల్లండి."

"అందరూ రాశారు కదమ్మా."

"నా కళ్ళతో చూడంది రికార్డులో ఎలా రాయనండి?"

ఆ మాట ఆ పిల్ల నన్ను అనాలని అనలేదు. అయినా నా పదకొండు కప్పలూ ఒక్కసారి గుర్తొచ్చి చెంప పగిలినట్టయింది. తర్వాత నాకో తెలివైన ఆలోచన వచ్చింది.

"పోనీ, ఇప్పుడు హాల్ టికెట్ రాదంటున్నారు కదా. ఇప్పుడైనా బెంగగా ఉందా?"

"ఉందండి. ఉండదేటండి. ఆర్నెల్లు పోతాయంటే మా నాన్న ఏమైపోతాడో."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ బెంగని నేనే చక్కగా నమూనాలో రాసి, బొమ్మ వేసి, కన్వీనరు గారికి పంపించాను. గంటలో జవాబు వచ్చింది. కమిటీ చర్యల వలన కలుగు బెంగలు కమిటీ పరిధిలోనికి రావు అని.

చివరికి విచారణ పెట్టారు. తెర మీద మేం అయిదుగురం అయిదు గడుల్లో కూర్చున్నాం. సలోమి గారి గడిలో ఈసారి ఫ్యాను కాకుండా మనిషి కనబడింది. ముఖం మీద మాస్కు ఒరుసుకుపోయిన ఎర్రటి గీతలున్నాయి. ఎప్పటిలాగే ఆవిడ పేరు పక్కన చెయ్యెత్తిన బొమ్మ ఉంది. మొదటి మీటింగు నుంచీ ఉంది. అది ఆవిడ ఫోన్‌లో అలంకారమని మేం అనుకునేవాళ్ళం. ఆరో గడిలో నాగదుర్గ గుమ్మం ముందు స్టూలు వేసుకుని కూర్చుంది.

"కుమారి నాగదుర్గా, బెంగ లేకపోవుటకు నీ సంజాయిషీ ఏమి?"

"అప్పుడు లేదండి. ఇప్పుడు ఒకటుందండి. చెప్పొచ్చాండి?"

"సూటిగా చెప్పు."

"మా పక్కింట్లో సత్తిబాబు మావయ్య ఉన్నాడండి. జొరం వచ్చి ఆరో రోజండి. ఆశా గారి దగ్గర వేలికెట్టే మిషన్ పాడైపోయిందండి. ఇక ఊపిరి లెక్కెట్టడమే ఆధారమండి. నేను లెక్కెడుతుంటే నాకేసి చూసి ఊపిరి మార్చేత్తన్నాడండి. ఒకసారి పద్దెనిమిది వత్తందండి, ఇంకోసారి ముప్పై వత్తందండి. ఏది నమ్మాలండి? ఎంతొస్తే ఆస్పత్రికి పంపాలండి? తప్పు లెక్కెట్టి ఇంట్లో ఉంచేత్తే ఏమవుద్దోనని భయంగా ఉందండి. మేడం గారిని నెల కితం అడిగానండి, లెక్కెట్టడం ఎలాగని. సందేహాలు రావన్నారండి."

అందరూ నా గడి వైపు చూసినట్టనిపించింది. తెరలో ఎవరు ఎటు చూస్తున్నారో నిజానికి తెలియదు. కానీ నాకు సిగ్గేసింది. పదిహేడేళ్ళలో ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు.

ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఒకప్పుడు మంచి సర్జన్, ఫైళ్ళలోకి వచ్చి పద్నాలుగేళ్ళయింది. "సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై ఉండాలమ్మా" అన్నారు.

"క్షమించాలి సార్, పద్నాలుగు నుంచి పద్దెనిమిది. పాత ఎడిషన్‌లో స్పష్టంగా ఉంది" అన్నారు కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్ గారు.

"కొత్త ఎడిషన్ చూడండి."

"కొత్తదానిలో అచ్చుతప్పులెక్కువ సార్."

"మా విభాగములో ఆ సంఖ్య ఎప్పుడును స్థిరముగానే ఉండును" అన్నారు పరాంకుశరావు గారు. సున్నా స్థిరంగానే ఉంటుంది.

నేనూ ఏదో చెబుదామనుకున్నాను. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఊపిరి ఎలా పెరుగుతుందో నేను ఏటా బోర్డు మీద గ్రాఫు గీస్తాను. కానీ ఆ గ్రాఫు, నేను తనకేసి చూస్తున్నానని ఎప్పుడూ ఊపిరి మార్చుకోలేదు. సత్తిబాబు మార్చుకుంటున్నాడు. ఎడిషన్ల గొడవ పెరిగిపోతోంది. ఆ పిల్ల ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ ఓపిగ్గా కూర్చుంది. అప్పుడు నేను సలోమి గారి మైకు తెరిచాను. మీటింగు నడిపే హక్కు కన్వీనరు గారితోపాటు నాకూ ఉంది. కమిటీ పెట్టాక ఆ హక్కుతో నేను చేసిన మొదటి పని అదే.

"పాపా, ఊపిరి లెక్కెడతన్నానని ఆయనకి చెప్పకు" అన్నారావిడ. గొంతు బొంగురుపోయి ఉంది. "తెలిత్తే ఎవరైనా మార్చేత్తారు. నాడి చూత్తన్నట్టు మణికట్టు అట్టుకో. కళ్ళు మాత్రం పొట్ట మీద ఉంచు. చొక్కా ఒకసారి లేచి దిగితే ఒకటి. పూర్తిగా నిమిషం లెక్కెట్టు, సగం లెక్కెట్టి రెట్టింపు చెయ్యకు. ఆ నిమిషం మాట్లాడించకు. ఇరవై నాలుగు దాటిందా, ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. ముప్పై వచ్చిందా, ఎవర్నీ అడక్కు, బండెక్కించెయ్. ఒక మాట పూర్తిచెయ్యకుండానే ఊపిరికి ఆగిపోతన్నాడనుకో, అప్పుడు లెక్క కూడా అక్కర్లేదు."

"ఇప్పుడే చూసొత్తానండి" అని నాగదుర్గ స్టూలు మీద ఫోను వదిలేసి వెళ్ళిపోయింది.

తర్వాత మేం అయిదుగురం ఒక తాటాకు చూరుని చూస్తూ కూర్చున్నాం. మా కమిటీ అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ప్రిన్సిపాల్ గారు గడియారం వైపు చూస్తున్నారు, ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆయనా లెక్కపెడుతున్నారేమో.

పిల్ల పరుగెత్తుకొచ్చింది. "ఇరవై ఆరండి. రెండుసార్లు చూశానండి, రెండుసార్లూ ఇరవై ఆరేనండి."

"ఫోన్ చెయ్యమ్మా" అన్నారు సలోమి గారు.

"చేత్తానండి" అని కట్ చేసేసింది. ముద్దాయి వెళ్ళిపోవడంతో విచారణ ముగిసింది. సలోమి గారు కూడా ఎవరో పిలుస్తున్నారని వెళ్ళిపోయారు.

మిగిలిన మాకు మినిట్స్ రాసే సమస్య వచ్చింది. పరాంకుశరావు గారు పెన్ను పట్టుకుని అడిగారు. "విద్యార్థిని బెంగను నమోదు చేయవలెనా సార్? చేసినచో ఫలితము ఎవరి వలన అన్న గడి నింపవలెను. సలోమి గారికి మెంటర్‌గా నియామకపు ఉత్తర్వు లేదు. అప్పుడు మనము నలుగురమును ఏమి చెప్పితిమి అన్నది కూడ రాయవలసి వచ్చును."

ప్రిన్సిపాల్ గారు చాలాసేపు ఆలోచించారు.

"సాంకేతిక కారణాల వల్ల సమావేశం జరగలేదని రాయండి" అన్నారు. తర్వాత నాకు పని పురమాయించారు. "ఆ అమ్మాయి రికార్డు మీద పదీ సంతకాలు పెట్టేసి హాల్ టికెట్ ఇప్పించండి. ఇక ఎవరూ ఆ రికార్డు తెరవకూడదు."

అలా నాగదుర్గ తన బెంగ చెప్పుకున్నందుకు కాకుండా, ఆ బెంగ ఎక్కడా కనబడకుండా పోయినందుకు పరీక్షకి అర్హత సంపాదించింది. ఖాళీ పేజీల మీద పది సంతకాలు పెట్టాను. చదవకుండా పెట్టానని ఎవరూ అనలేని సంతకాలు అవే.

సత్తిబాబు తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. అన్నయ్యల సదస్సు రెండో విడత కూడా జరిగింది. హాల్ టికెట్లు ఇచ్చిన మర్నాడు నాగదుర్గ ఫోన్ చేసింది.

"హాల్ టికెట్టు వచ్చిందండి మేడం గారండి. మీరు సంతకాలెట్టారంట. శానా సంతోషమండి. మా నాన్న మీకు దండాలు చెప్పమన్నాడండి."

నాకు కాస్త గర్వంగా అనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఆ గర్వానికి ఆధారం ఏమీ లేదు. అయినా గొంతులో కొంచెం పెద్దరికం తెచ్చుకుని అన్నాను.

"ఇక నుంచి బెంగైనా, సందేహమైనా మొహమాటపడకు. ఏ వేళప్పుడైనా నాకు ఫోన్ చెయ్యి. నేను నీ మెంటర్ని కదా."

"అలాగేనండి" అంది. "మేడం గారండి, మీరేమీ అనుకోనంటే ఒకటండి. ఆ సిస్టర్ గారి నంబరు ఇత్తారాండి?"

ఆ నంబరు నా దగ్గర కూడా లేదు. నాలుగు నెలలు ఒకే కమిటీలో కూర్చున్నాం, ఎప్పుడూ అడిగి ఎరగను. వార్డుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. ముందు పిల్లకి పంపించాను. తర్వాత నా ఫోన్‌లో కూడా దాచుకున్నాను. పేరు దగ్గర ఏం రాయాలా అని కాసేపు ఆలోచించి, మెంటర్ అని రాసుకున్నాను.